నరసాపురం, అంతర్వేది: రెండ్రోజుల్లో తీరిగ్గా ఎలా చూడాలంటే

అంతర్వేది వెళ్ళొచ్చామని చెప్పేవాళ్ళలో చాలామంది గుడి ముందు కారు దిగి, దర్శనం చేసుకుని, సముద్రం దగ్గర నాలుగు ఫొటోలు దిగి, చీకటి పడకముందే భీమవరంలోనో రాజమండ్రిలోనో తేలేవాళ్ళే. తప్పని అననుగానీ గోదారి సముద్రంలో కలిసే చోటికి అంత దూరం వచ్చి, ఆ నీళ్ళ సంగతి పట్టించుకోకుండా పోతే ఏం చూసినట్టండీ? ఇక్కడ ఏ పని ఎప్పుడు చెయ్యాలో నీళ్ళే చెబుతాయి. పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పెద్ద పడవ) నడుస్తోందా, నీరు పోటు మీదుందా పాటు మీదుందా, అంటే పెరుగుతోందా తగ్గుతోందా, ఎగువ నుంచి వరదేమైనా వస్తోందా, ఇవి కనుక్కుని రెండు రోజులు పెట్టుకోండి. ఒక రాత్రి నరసాపురంలో పడుకోండి.

నవంబరు చివర్నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. సంక్రాంతి వారం మాత్రం వద్దు, కోడిపందేల జనంతో భీమవరం చుట్టుపక్కలంతా నిండిపోతుంది, గది దొరికినా రేటు వింటే నిద్ర పట్టదు. మాఘమాసంలో అంతర్వేది తీర్థం, దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. రథం స్వామి చెల్లెలైన గుర్రాలక్క గుడి దాకా వెళ్ళి, అన్నగారు చెల్లెలికి చీర, సారె పెట్టే ముచ్చట చూడాలనుకుంటే ఆ తొక్కిసలాటకి సిద్ధపడే రండి. పాత రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది, ఇప్పుడు లాగుతున్నది ఆ తర్వాత చేయించిన కొత్త రథం.

పులస చేప కోసం వచ్చేవాళ్ళు ఎర్రనీళ్ళ రోజుల్లో, అంటే జూలై నుంచి సెప్టెంబరు మధ్య వస్తారు. కానీ వరద పెరిగితే పంటు ఆపేస్తారు, కాబట్టి పులసా పంటూ రెండూ ఒకే ట్రిప్పులో కుదరకపోవచ్చు. ఇంకో మాట, సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని ఇలస అంటారు, గోదారిలోకి ఎదురీదాకే పులస. హోటల్లో చవగ్గా పులస పులుసు అన్నారంటే అది ఇలసే అనుకుని తినండి, బాగానే ఉంటుంది.

హైదరాబాదు నుంచైతే రాత్రి బండెక్కితే పొద్దున్నకి నరసాపురం. స్టేషను దాటిపోతామేమో అని టెన్షన్ పడక్కర్లేదు, కోటిపల్లి లైను పూర్తయ్యేదాకా పట్టాలు అక్కడితో సరి.

మొదటి రోజు ఎక్కువ పెట్టుకోకండి. స్నానం, టిఫిను అయ్యాక లేసు చూడండి. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు మధ్యాహ్నం పని తెమిలాక అరుగు మీద కూర్చుని చిన్న కొక్కెం సూదితో దారాన్ని అల్లుతూ కబుర్లు చెప్పుకుంటారు, చూపు మన మీదే ఉంటుంది, చెయ్యి మాత్రం ఆగదు. 19వ శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకున్న పని ఇది, ఇక్కడ అల్లిన టేబుల్ గుడ్డలు విదేశాలకి వెళ్తాయి. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరి పక్కన సీతారామపురంలో లేసు పార్కు ఉంది. కొనేటప్పుడు మరీ గీచి గీచి బేరమాడకండి, ఒక చిన్న గుండ్రటి గుడ్డ వెనక ఎన్ని పూటల పని ఉంటుందో అల్లేవాళ్ళనే అడగండి.

మూడు దాటాక పేరుపాలెం బీచికి. దారిలో మొగల్తూరు తగులుతుంది, కృష్ణంరాజు, చిరంజీవి ఊరని ఆటో అతను మీరడక్కపోయినా చెబుతాడు. పేరుపాలెం పొడవైన ఇసక తీరం, సరుగుడు చెట్లు, మామూలు రోజుల్లో జనం పలచగా ఉంటారు. కార్తీకమాసం ఆదివారాలైతే ఇసక కనిపించదు. ఒక్క విషయంలో మొహమాటం లేకుండా చెబుతున్నాను, మోకాలు దాటి లోపలికి వెళ్ళొద్దు. కాలికింద ఇసక జారి ఉన్నట్టుండి లోతు వస్తుంది, ఈత వచ్చినవాళ్ళూ పోయారు. పిల్లల చెయ్యి వదలకండి, ముఖ్యంగా ఫోను చూసుకుంటూ.

రెండో రోజు తెల్లవారుతూనే మాధవాయిపాలెం రేవుకి వెళ్ళండి. అవతల సఖినేటిపల్లి, మధ్యలో వశిష్ఠ గోదావరి. ఈ రేవు పేరుకో కథ ఉంది. ఇంగ్లీషు కంపెనీవాళ్ళు 17వ శతాబ్దంలో ఇక్కడ వర్తకం పెట్టి నూలు గుడ్డ ఓడలకెత్తేవారు, ఊరి పేరు వాళ్ళ నోట మాదపోలమై, ఆఖరికి ఒక రకం మెత్తటి తెల్ల నూలు గుడ్డకే ఆ పేరు స్థిరపడింది. అప్పట్లో నరసాపురంలో సముద్రపు ఓడలు కూడా కట్టేవాళ్ళు. కోటా బురుజూ ఉంటాయనుకుని వెతక్కండి, మనకి మిగిలింది రేవూ, పేరూ.

పంటు మీద మనుషులూ, బైకులూ, కార్లూ, కొబ్బరికాయల బస్తాలూ అన్నీ ఎక్కుతాయి. కారైతే నీరు బాగా తగ్గినప్పుడు కాకుండా పోటు మీద ఎక్కించడం మేలు, లేకపోతే ఏటవాలు ఎక్కువై కింద బంపరు రాసుకుంటుంది. నా సలహా అడిగితే కారు ఇవతలే వదిలేయండి, అవతల ఆటోలు దొరుకుతాయి. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి.

అంతర్వేది చేరాక గుడికి కాదు, ముందు అన్నాచెల్లెళ్ళ గట్టుకి వెళ్ళండి. నదీ సముద్రమూ కలిసేది అక్కడే. ఎండెక్కితే ఆ ఇసకలో నడవలేరు, అందుకే ఈ తొందరంతా. ఒక పక్క గోదారి రంగు, ఇంకో పక్క సముద్రం రంగు, మధ్యలో గీత గీసినట్టు కనిపించే రోజులుంటాయి, ఏమీ కనిపించని రోజులూ ఉంటాయి, అది మన అదృష్టం. సంగమంలో నీరు ఎటు లాగుతుందో తెలీదు కాబట్టి స్నానం చెయ్యాలనుకుంటే స్థానికులు చూపించిన చోటే చెయ్యండి. ఈ ఒడ్డున సముద్రం ముందుకొస్తోంది, పోయినసారి చూసిన చోటు ఈసారి అక్కడ లేకపోతే ఆశ్చర్యపోకండి.

తర్వాత గుడి. ఇప్పుడున్న గుడి 1823లో పూర్తి చేయించినది, కట్టించింది కోపనాతి కృష్ణమ్మ. పేరు చూసి ఆడమనిషి అనుకునేరు, మగాయనే, అగ్నికుల క్షత్రియుడు. తిరణాల నాడు కాకుండా మామూలు రోజు వెళ్తే దర్శనం త్వరగానే అవుతుంది, పక్కనే గుర్రాలక్కనీ చూసి రండి.

లైట్ హౌస్ ఎక్కాలనుందా? అలాంటివి మామూలుగా సాయంత్రం పూటే ఎక్కనిస్తారు, టైము ముందే కనుక్కోండి. కానీ సాయంత్రం ఉండిపోతే ఆఖరి పంటు గురించి జాగ్రత్త, ఈ దెబ్బ నేను తిన్నదే. మా పెద్దమ్మని తీసుకెళ్ళినప్పుడు ఇంకో పది నిమిషాలు, ఇంకో పది నిమిషాలు అంటూ ఒడ్డునే కూర్చుండిపోయాం, రేవుకొచ్చేసరికి పంటు అవతలి గట్టున దీపమై కనిపించింది. ఆటో మాట్లాడుకుని మలికిపురం, దిండి, చించినాడ వంతెన, పాలకొల్లు మీదుగా తిరిగొచ్చేసరికి గంట పైనే పట్టింది, ఆవిడ దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. పొద్దున పంటు దిగగానే ఆఖరిది ఎన్నింటికో అడిగేయండి, దానికి ముందుదే ఆఖరిదనుకోండి.

మధ్యాహ్నానికి ఇవతలికి వచ్చేస్తే పాలకొల్లుకి టైముంటుంది, పది కిలోమీటర్లే. పంచారామాల్లో ఒకటైన క్షీరారామం, తొమ్మిది అంతస్తులు, 120 అడుగుల గోపురం, ఊళ్ళోకి రాకముందే కనిపిస్తుంది. ఒకప్పుడు ఈ ఊరు డచ్చివాళ్ళ వర్తక కేంద్రం, 1825లో ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది, అయినా మీకు ఇక్కడ ముఖ్యంగా కావాల్సింది దిబ్బరొట్టె. నిప్పుల మీద నెమ్మదిగా కాలిన మందపాటి మినప రొట్టె, పైన కరకర, లోపల మెత్తన, పచ్చడితో తినొచ్చు, పానకం ముంచుకుని తిన్నా బాగుంటుంది. ఆర్డరిచ్చాక కాసేపు ఆగాలి, ఇది తొందరపడితే వచ్చేది కాదు.

రాత్రి హైదరాబాదు బండి పాలకొల్లులో ఆగుతుంది, టిక్కెట్టు తీసేటప్పుడే ఎక్కే స్టేషను అక్కడ పెట్టుకుంటే సామాను మోసుకుని మళ్ళీ నరసాపురం వెళ్ళక్కర్లేదు.