మొదటి డాగ్ షోకు ముందు: కొత్త చేతికి అలవాటు చేశారా?

మా లాబ్రడార్ చిట్టి తన మొదటి షోలో కుంటింది. తప్పు నాది. ముందు రోజు రాత్రి గోళ్ళు మరీ పెరిగినట్టు అనిపించి కత్తెర పట్టాను. నల్ల గోళ్ళలో రక్తనాళం ఎక్కడిదాకా ఉందో పైకి కనబడదు. రెండు వేళ్ళకు రక్తం వచ్చింది. తెల్లారి రింగులో అది ముందుకాలు ఆచితూచి వేస్తుంటే జడ్జి ఒక్క మాటా అనకుండా మమ్మల్ని వరుస చివరికి పంపారు. గోళ్ళ పని నెల ముందే మొదలుపెట్టాలి. వారానికోసారి కొద్దికొద్దిగా తీస్తుంటే లోపలి నాళమూ మెల్లగా వెనక్కి జరుగుతుంది.

కాగితాల సంగతి ఇంకా ముందే చూసుకోవాలి. మన దేశంలో జాతి కుక్కల రిజిస్ట్రేషన్ చూసేది చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా. సర్టిఫికెట్‌లో ఇంకా అమ్మినవారి పేరే ఉంటే మీ పేరుకు మార్పించుకోండి. మైక్రోచిప్ నంబరు కాగితంలోని నంబరుతో సరిపోతోందో లేదో చూసుకోండి. ఎంట్రీల గడువు షో రోజుకు చాలా ముందే ముగుస్తుంది. మగకుక్కైతే వృషణాలు రెండూ కిందికి దిగాయా అని పశువైద్యుడిని అడగండి. ఒక్కటే దిగితే, అది ఎంత అందగాడైనా అంత దూరం వెళ్ళడం వృథా.

ఇక అసలు పరీక్ష. కుక్కకు ముక్కూమొహం తెలియని జడ్జి వచ్చి పెదవులెత్తి పళ్ళు చూస్తారు, వీపు, తొడలు తడుముతారు, మగకుక్కకైతే వృషణాలూ పట్టి చూస్తారు. ఇంట్లో మనం చేస్తే ఊరుకునే కుక్క అక్కడ గుర్రుమనవచ్చు. అందుకే ఇంటికొచ్చే చుట్టాలనూ పక్కింటివారినీ వాడుకోండి. టోపీ పెట్టుకున్నవారు, నల్లకళ్ళద్దాలవారు, గడ్డమున్నవారు దొరికితే మరీ మంచిది. ఒక్కొక్కరు ఒక్క క్షణం పెదవి ఎత్తి చూడాలి, వెంటనే ఒక కోడి కార్జం ముక్క పెట్టాలి. అంతే, పొడిగించవద్దు. పెద్ద కుక్కకు 42 పళ్ళుంటాయి. చాలా జాతుల్లో పై ముందుపళ్ళు కింది పళ్ళను ఆనుకుని ముందుకు రావాలి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్ళు ఊడి చిగుళ్ళు నొప్పిగా ఉంటాయి. ఆ రోజుల్లో నోటిని బలవంతంగా తెరిస్తే ఆ భయం తర్వాత ఎన్నాళ్ళకూ పోదు.

చిన్న జాతులను బల్ల మీద పరీక్షిస్తారు. ఇంట్లో బల్ల మీద రబ్బరు చాప వేసి సాధన చేయించండి. ఫోను మోగినా సరే, బల్ల మీది కుక్కను వదిలి కదలకండి. పొమేరనియన్ వంటి సన్నకాళ్ళ కుక్క అంత ఎత్తు నుంచి దూకితే కాలు విరగవచ్చు.

నడకలో కుక్క మీకు ఎడమవైపు, జడ్జికి కనబడేలా ఉండాలి. తిన్నగా వెళ్ళి రమ్మంటారు, లేదా త్రికోణంలో తిరగమంటారు. సన్నని షో తాడు రింగు లోపలికే. బయట, ముఖ్యంగా బండ్లు ఆగే చోట, మామూలు పట్టీ, గొలుసు ఉండాలి. బెదిరిన కుక్క ఆ సన్నతాడులోంచి తల తప్పించుకోవడానికి అరనిమిషం చాలు.

వందలాది కుక్కలు చేరే చోటు కాబట్టి పార్వో, డిస్టెంపర్, కెన్నెల్ కాఫ్, రేబిస్ టీకాలు రెండు మూడు వారాల ముందే పూర్తి కావాలి. నిన్న వేయించిన టీకా ఈరోజు కాపాడదు. నీళ్ళు, గిన్నె ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. పచ్చిక మైదానమైతే పిడుదుల మందు ముందే వాడండి. ఇంటికొచ్చాక చెవుల లోపల, వేళ్ళ మధ్య వెతకండి. తర్వాతి మూడు వారాల్లో జ్వరం వచ్చినా, తిండి మానేసినా రక్తపరీక్ష చేయించడంలో ఆలస్యం వద్దు.

చలికాలం కదా అని ఎండను తేలిగ్గా తీసుకోకండి. హైదరాబాదులో జనవరి మధ్యాహ్నం కూడా కారు తలుపులు మూస్తే లోపల కొలిమే. కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 40 దాటితే ప్రమాదం మొదలైనట్టే. పగ్, బుల్‌డాగ్ వంటి పొట్టిముక్కు కుక్కలు ముందుగా సొమ్మసిల్లుతాయి. కడుపు, పాదాలు చల్లని నీళ్ళతో తడిపి గాలి తగలనివ్వండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. నిమ్మళంగా ఉంటుందని మత్తుమందు ఇచ్చే సలహా ఎవరో ఒకరు తప్పక ఇస్తారు. వినకండి. ఆహారం కొద్దిగా, మూడు నాలుగు గంటల ముందే పెట్టండి. గ్రేట్‌డేన్ వంటి లోతైన ఛాతీ ఉన్న కుక్కలను కడుపు నిండా తిన్నాక పరుగెత్తించకూడదు. స్నానం రెండు మూడు రోజుల ముందు చాలు, లాబ్రడార్ బొచ్చు మళ్ళీ బిరుసెక్కడానికి ఆపాటి సమయం కావాలి.

పేరు పిలిచే సమయానికి తోక కాళ్ళ మధ్య పెట్టుకుని వణుకుతుంటే మాత్రం లోపలికి లాక్కెళ్ళకండి. ఎంట్రీ రుసుము పోతే పోయింది. రెండో షోకు మేము చేసింది అదే. రింగు బయట వేపచెట్టు కింద కూర్చుని, చప్పట్లు వినిపించినప్పుడల్లా చిట్టికి ఒక కార్జం ముక్క పెట్టి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేశాం.