సింహం దగ్గర మొదలుపెట్టండి: ఈజిప్టు చిత్రలిపి చదవడం

గుర్తుల పట్టిక బట్టీ పట్టకండి. నేను పట్టాను, నెల తిరిగేసరికి అంతా మరిచిపోయాను. గళ్ల నోటుపుస్తకంలో ఈజిప్టును ఏలిన టోలెమీ, క్లియోపాత్రా పేర్లను ఒకదాని కింద ఒకటి గీసుకున్నాకే ఈ లిపి నాకు పట్టుబడింది. 1822లో ఈ లిపి గుట్టు విప్పిన ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ నడిచిన దారీ ఇదే.

ముందుగా తాడు చుట్టినట్టుండే కోలగా ఉన్న చట్రాన్ని వెతకండి. అందులో ఉండేది రాజు పేరో రాణి పేరో. ఒకే శాసనాన్ని చిత్రలిపితో పాటు గ్రీకులోనూ చెక్కిన రోసెట్టా రాయి 1799లో దొరికింది. దాని మీద చిత్రలిపి భాగం చాలా విరిగిపోయినా టోలెమీ పేరున్న చట్రాలు మిగిలాయి. ఇక పక్షులు, జంతువులు ఎటు చూస్తున్నాయో గమనించండి. అవి చూసే వైపు నుంచే చదవాలి. ఒకదాని మీద ఒకటి ఉంటే పైది ముందు.

టోలెమీ పేరు ఇలా సాగుతుంది: చతురస్రం ప్, రొట్టె ట్, ఉచ్చుతాడు ఓ, పడుకున్న సింహం ల్, ఆపైన మ్, రెండు రెల్లు ఆకులు ఈ, మడిచిన గుడ్డ స్. ఫిలే ద్వీపపు స్తంభం మీద క్లియోపాత్రా పేరు చూడండి. సింహం రెండో చోటికి వచ్చింది. ‘ల’ ఉండాల్సింది సరిగ్గా అక్కడే! తాడు, చతురస్రం కూడా వాటి వాటి చోట్లలోనే ఉన్నాయి. అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయితే ‘త’ దగ్గర రొట్టెకు బదులు చెయ్యి కనిపిస్తుంది. పొరపాటు చేశామని కంగారుపడకండి. ఒకే ధ్వనికి రెండు గుర్తులు ఉండవచ్చని షాంపోలియన్ గ్రహించింది ఇక్కడే. చివరనున్న రొట్టె, గుడ్డు పలకడానికి కాదు, అది స్త్రీ పేరని చెప్పడానికి.

తెలుగువాళ్లకు ఒక్క హెచ్చరిక. మన ‘క’లో అకారం దాగి ఉంటుంది. ఈజిప్టు మాటల్లో రాసేది హల్లులనే. టోలెమీ లాంటి పరాయి పేర్లలోనే ఓ, ఈ వంటి అచ్చులకూ గుర్తులు వాడారు. ‘ప్ ర్’ అనే ఇంటి బొమ్మ పక్కన నడిచే కాళ్లు గీస్తే ‘బయటికి వెళ్లడం’ అవుతుంది. ఆ కాళ్లను పలకరు, అర్థం కోసమే చూస్తారు.

ఇప్పుడు మీ వంతు. ఒక చట్రంలో మొదట సూర్యుడు, మధ్యలో మూడు తోళ్లు కలిపి కట్టినట్టున్న గుర్తు, చివర రెండు ‘స్’లు ఉన్నాయి. పాత ఈజిప్టు భాష చివరి రూపమైన కోప్టిక్‌లో సూర్యుడిని ‘రే’ అంటారు; ఈ పేరులో మనం ‘రా’ అని పలుకుతాం. మధ్య గుర్తు ‘మ్ స్’, పుట్టుకకు సంబంధించిన మాట. గట్టిగా చదవండి: రా-మ్-సెస్. ఈజిప్టు రాజు రామ్‌సెస్ పేరు ఇదే.