స్కాట్లండ్ పాత అగేట్ నగలను నీటిలో నానబెట్టకండి

విక్టోరియా రాణి కుటుంబం 1852లో స్కాట్లండ్‌లోని బాల్మోరల్ ఎస్టేటును కొన్న తరువాత మరింత ఆదరణ పొందిన అగేట్ (చారలుండే రంగురాయి) బ్రోచ్‌లు (దుస్తులకు సూదితో గుచ్చుకునే నగలు), చేతి గొలుసులు మీ దగ్గర ఉంటే, వాటిని శుభ్రం చేసేటప్పుడు నీటిలో నానబెట్టకండి. వీటిలో చాలావాటికి పలుచగా కోసిన అగేట్, జాస్పర్ (మరో రకం రంగురాయి) ముక్కలను వెండి చట్రంలోనో పలకరాయి మీదనో పక్కపక్కనే పొదిగి, లక్క వంటి జిగురుతో అతికించారు. మన కంసాలులు బోలు నగల్లో నింపే లక్క లాగే అది కూడా వేడికి మెత్తబడుతుంది; సన్నని సందుల్లోంచి నీరు దిగితే పట్టు సడలి రాయి ఊడిపోతుంది. అందుచేత వేడి నీరు, వెండిని మెరిపించే ద్రావణాలు, ధ్వని తరంగాలతో నగలను శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రం ఈ మూడూ వద్దు. మెత్తని పొడి గుడ్డతో తుడవడమే ఉత్తమం. మురికి మరీ పేరుకుంటే గుడ్డను కాస్త తడిపి, బాగా పిండి, రాయి పైభాగం మాత్రమే తుడిచి వెంటనే ఆరనివ్వండి.

కొనేముందు నగను తప్పక వెనక్కి తిప్పి చూడండి. అడుగున పలకరాయి ఉండటం లోపం కాదు, ఆ కాలపు పనితనంలో అది సాధారణమే. బ్రోచ్ సూది చట్రం అంచు దాటి బయటికి వచ్చి, తాళం లేని సాదా కొక్కెంలో ఇమిడితే అది పాతదనడానికి మంచి ఆనవాలు. అయితే సూదులను తరువాత మార్చడమూ మామూలే కనుక ఆ ఒక్కదాన్నే నమ్మి ధర చెల్లించకండి. హాల్‌మార్క్ లేదని తిరస్కరించనూ వద్దు, ఎందుకంటే ముద్ర లేని అసలైన నగలు చాలానే ఉన్నాయి.