ఐదవ పాఠం: బడి నుంచి వచ్చాక మొదటి గంట

గత పాఠంలో ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, అతిచురుకుదనం, తొందరపాటు కనబడే ఎదుగుదల సమస్య) ఉన్న పిల్లవాడికి ఒకసారికి ఒకే పని చెప్పడం, అది కూడా అతడి దగ్గరకు వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, అతడు మన వైపు చూసిన తరువాతనే చెప్పడం అభ్యాసం చేశాము. నిజాయితీగా చేసినవారికి ఈపాటికి ఒక చిక్కు ఎదురై ఉంటుంది. పొద్దున్న స్నానానికీ, సంచీ సర్దుకోవడానికీ చక్కగా పనిచేసిన పద్ధతే, సాయంత్రం అయిదున్నరకు అదే గొంతుతో ప్రయోగించినా, పుస్తకం విసిరేయడంతోనో చెల్లెలిని తోసేయడంతోనో ముగుస్తుంది. లోపం మాటలో లేదు, ఆ మాట పడిన వేళలో ఉంది. ఈ పాఠంలో ఆ వేళను చదవడం నేర్చుకుందాము.

ఏడీహెచ్‌డీ అంటే నిలకడ లేకపోవడమని మాత్రమే అనుకుంటాము గాని, ఉబికివచ్చే కోపాన్నీ ఏడుపునూ ఒక్క క్షణం ఆపి పట్టుకోగల శక్తి కూడా ఈ పిల్లల్లో చాలామందికి వయసుకు తగినంతగా ఎదిగి ఉండదు. ఉన్న కాస్త శక్తినీ బెంచీ మీద కదలకుండా కూర్చోవడానికే ఖర్చుపెట్టి ఇంటికి వస్తారు. "మా దగ్గర ఇంత గొడవ చెయ్యడండీ" అని టీచరుగారు అన్నప్పుడు, తప్పంతా తన పెంపకంలోనే ఉందేమోనని తల్లి కుంగిపోతుంది. నేనూ కుంగిపోయాను. బడిలో బిగబట్టినది ఇంట్లో వదులుతాడన్న సంగతి అప్పటికి నాకు తెలియదు.

ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, బరంపురం, రాయగడల్లోని మన తెలుగు ఇళ్ళకు దీనికి తోడు మరొక బరువు ఉంది. ఆంధ్ర వైపు పాతపట్నం నుంచో టెక్కలి నుంచో కోడలిగా వచ్చిన తల్లికి ఒడియా మాట్లాడడం పట్టుబడుతుంది గాని, చాలాసార్లు లిపి పట్టుబడదు. అప్పుడు ఏమవుతుందంటే, పిల్లవాడు ఒడియాలో ప్రశ్న చదవాలి, దానిని తలలో నిలుపుకోవాలి, అమ్మకు తెలుగులో చెప్పాలి, అమ్మ తెలుగులో చెప్పిన జవాబును మళ్ళీ ఒడియాలోకి మార్చి రాయాలి. విన్నదానిని తలలో పట్టి ఉంచుకోవడమే కష్టమైన బిడ్డకు ఇది నాలుగు మెట్ల పని, మూడో మెట్టు దగ్గరే మొదటిది జారిపోతుంది. రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఏడీహెచ్‌డీ రాదు, ఆ భయంతో ఇంట్లో తెలుగు మానేయనక్కరలేదు. మార్చవలసింది హోంవర్క్ చేయించే తీరును. పక్కింటి కాలేజీ అమ్మాయి పది నిమిషాలు కూర్చుని ఒడియా ప్రశ్నలను గట్టిగా చదివిపెడితే, మిగతా అరగంట మీరు పక్కన ఊరికే కూర్చున్నా సరిపోతుంది.

మందు వాడుతున్న ఇళ్ళవారు ఇంకొకటి గమనించాలి. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు సాధారణ మాత్ర ప్రభావం సుమారు 4 గంటలు ఉంటుంది. మెల్లగా విడుదలయ్యే రకాలు ఇంకా ఎక్కువ సేపు పనిచేస్తాయి. ఆ ప్రభావం తగ్గుతున్న సమయంలో కొందరు పిల్లలు మామూలు కంటే ఎక్కువగా చిరాకుపడతారు. పైగా ఈ మందు చాలామందిలో ఆకలిని చంపుతుంది కాబట్టి మధ్యాహ్నం అన్నం డబ్బా సగం నిండుగానే తిరిగివస్తుంది. అంటే సాయంత్రం ఆకలి, అలసట, మందు దిగడం మూడూ ఒకే గంటలో కలుస్తాయి, సరిగ్గా అప్పుడే మనం "పుస్తకం తియ్యి" అంటాము. అలాగని మాత్ర వేళనూ మోతాదునూ మీ అంతట మీరు మార్చకండి. ఇది షెడ్యూల్ ఎక్స్‌లోని మందు, అంటే అమ్మకం మీద గట్టి నియంత్రణ ఉన్న జాబితాలోనిది కనుక, డాక్టరు చీటీ ఉన్నా ప్రతి దుకాణంలో దొరకదు; వారం రోజుల మాత్రలు మిగిలి ఉండగానే తరువాతి చీటీ చూసుకోవాలి.

ఇక అభ్యాసం. ఎంత చవకదైనా సరే, ఒక చిన్న నోటుపుస్తకం కొనండి. పద్నాలుగు రోజులపాటు, పిల్లవాడికి కోపం వచ్చిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయాలి: ఎన్ని గంటలకు, దానికి ముందు గంటలో ఏమి జరిగింది, మీరు ఏమన్నారు, ఎంతసేపటికి ఎలా చల్లబడింది. "మొండికేశాడు", "కావాలనే చేశాడు" అనే మాటలు ఆ పుస్తకంలో ఉండకూడదు. అవి చూసినవి కావు, మనం ఇచ్చిన తీర్పులు. మా ఇంటి పాత పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంది: "సోమవారం. 5.40. డబ్బాలో సగం అన్నం మిగిలింది. ట్యూషన్ నుంచి రాగానే ఏమీ తినలేదు. ఒడియా పాఠం తియ్యమన్నాను, రెండోసారి గట్టిగా అన్నాను. పేజీ చింపాడు. 25 నిమిషాలు. వాళ్ళ నాన్నమ్మ ఒళ్ళో పడుకున్నాక ఆగింది." దాని కింద గురువారం, శనివారం రాసినవి చూస్తే వారాలు తప్ప మిగతాదంతా ఇంచుమించు అదే. ఆ పేజీని ఎదురుగా పెట్టుకుని చూసేదాకా అది నాకు కనబడలేదు.

పుస్తకం నిండాక ఒక్కటంటే ఒక్కటే మార్చండి. మేము మొదట తిండిని మార్చాము. బడి నుంచి రాగానే ప్రశ్నలు లేవు, పుస్తకం లేదు. గిన్నెడు చోడి (రాగి) అంబలో, మరమరాలు కలిపిన ఉడికించిన శనగలో ముందు పెట్టి, తిన్నాక అరగంట వీధిలోకి వదిలేవాళ్ళము. గొడవలు పూర్తిగా ఆగలేదు, కాని వారంలో సగానికి తగ్గాయి. ఆ తరువాతి వారమే హోంవర్క్‌ను రెండు ముక్కలు చేశాము. రెండూ ఒకేసారి చేసి ఉంటే ఏది పనిచేసిందో మాకు తెలిసేది కాదు. ఈ లోపల అత్తగారు ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, ఆవిడ మనసు కుదుటపడుతుంది. దాని కోసం డాక్టరు దగ్గరకు వెళ్ళే తేదీ మాత్రం వాయిదా పడకూడదు.

ఇంత చేసినా కోపం రానే వచ్చినప్పుడు నేర్పడానికి పూనుకోకండి. ఆ సమయంలో చెప్పిన నీతి ఏదీ వాడి చెవికి ఎక్కదు. చిన్నపిల్లలను పక్క గదిలోకి పంపి, గట్టి వస్తువులు తీసేసి, రెండు చేతుల దూరంలో కింద కూర్చుని, "ఇక్కడే ఉన్నాను" అని ఒకసారి చెప్పి ఊరుకోండి. బేరాలు వద్దు, శిక్ష ప్రకటించడం వద్దు, ఇంట్లో పెద్దలు నలుగురూ నాలుగు మాటలు అనడం అసలే వద్దు. మాట్లాడేది ఒక్కరే అని ముందుగానే అనుకోవాలి. పూర్తిగా చల్లబడ్డాక, నీళ్ళు తాగాక, చిరిగిన పేజీని ఇద్దరూ కలిసి అంటించండి. శిక్ష అనుకోకుండా, తాను పాడుచేసినదానిని తానే బాగుచేయగలనని పిల్లవాడికి తెలిసే పనిగా చేయించాలి.

కొందరి నోటుపుస్తకాలలో, సాయంత్రం ఒకే వేళకు గొడవ వచ్చే ఈ నమూనా దొరకదు. గొడవకూ గొడవకూ నడుమ కూడా పిల్లవాడు దాదాపు ప్రతిరోజూ చిటపటలాడుతూనే ఉంటే, అది కేవలం సాయంత్రపు అలసట కాదు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం వెలువరించిన డీఎస్‌ఎం-5 అనే మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం ఇటువంటి స్థితిని విడిగా గుర్తించింది: వారానికి సగటున మూడు, అంతకు మించి కోపావేశాలు, మధ్యలోనూ తగ్గని చిరాకు, ఇదంతా కనీసం 12 నెలలు, ఒక్క ఇంట్లోనే కాక మరొక చోట కూడా. అదే రకంగా రెండు వారాలపాటు ఇష్టమైన ఆట మీద కూడా మనసు పోకపోవడం, లేదా కొన్ని రోజులపాటు నిద్ర లేకపోయినా అలసట ఎరుగని ఉత్సాహం కనబడితే, నోటుపుస్తకం నిండేదాకా ఆగకుండా మానసిక వైద్యుడికి చూపించాలి. "చచ్చిపోతాను" అన్న మాట పిల్లల నోట వస్తే బెదిరింపని కొట్టివేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి-మానస్ 14416 రాత్రింబవళ్ళు ఉచితంగా పలుకుతుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. ప్రాణాపాయం కనబడితే నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళినా, సరిహద్దు దాటి శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్ళినా ఈ పుస్తకాన్ని వెంట తీసుకువెళ్ళండి. టీచరుగారి చేత పిల్లవాడి గురించి ఒక పేజీ రాయించుకోండి. ఆంధ్ర వైపు వెళ్ళేవారు దాని అడుగునే తెలుగు అర్థం కూడా రాసి పెట్టుకోవాలి. ఒడియా చదవగలిగిన డాక్టరు అక్కడ దొరకకపోవచ్చు, దుబాసీగా పిల్లవాడినే నిలబెట్టి వాడి తప్పులు వాడి చేతనే చదివించడం కంటే అవమానం లేదు.

ఆరవ పాఠం టీచరుగారితో ఆ పేజీ ఎలా రాయించుకోవాలో చెబుతుంది. అది మొదలుపెట్టే ముందు మీ పుస్తకంలో పద్నాలుగు రోజులూ ఉండాలి. ఏ గొడవా జరగని రోజుకు కూడా ఒక వరుస రాయండి: ఆ రోజు ఎన్ని గంటలకు ఏమి తిన్నాడో, రాత్రి ఎంతసేపు నిద్రపోయాడో.