ఎండాకాలంలో బుల్లి విమానాలకు రంగు కొట్టేవారికి జాగ్రత్తలు

నల్లగొండ, మిర్యాలగూడ పక్క ఏప్రిల్ నడుస్తుంటే మధ్యాహ్నం పూట ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పెన్నులాంటి పరికరం) జోలికి పోవద్దు. 1/72 స్కేలు, అంటే అసలు దానిలో 72వ వంతున్న ప్లాస్టిక్ మిగ్-21 జానెడు విమానం. రెక్క మీద రంగు కాస్త గరుకుగా పడినా దాచలేం. 42 డిగ్రీల వేడిలో అక్రిలిక్ తుంపర రెక్క దాకా తడిగా చేరదు, దారిలోనే ఆరిపోయి ఇసుక చల్లినట్టు పడుతుంది. కొంత రంగు ఎయిర్‌బ్రష్ లోపలి సూది కొస మీదే ఎండి ముద్ద కడుతుంది. కాసేపు ఉత్త గాలి వచ్చి, ఉన్నట్టుండి ఆ ముద్ద ఊడి కాక్‌పిట్ పక్కన చుక్కై కూర్చుంటుంది.

పొద్దున 8 లోపే పని కానివ్వండి. రంగు మామూలుకంటే పలచన చేసి, రెండు మూడు చుక్కల రిటార్డర్ (రంగు త్వరగా ఆరకుండా చూసే ద్రవం) కలపండి. గాలి ప్రెజర్ 15 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గర పెట్టి, 5-6 సెంటీమీటర్ల దూరం నుంచి పలచటి పొరలు వేయండి. థిన్నర్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో సూది కొస తుడుస్తూ ఉండండి. వల్లేజో కంపెనీ రంగు లాంటి, నీటితో కలిసే అక్రిలిక్‌లో లాకర్ (ఘాటు ద్రావకంతో చేసే రంగు) థిన్నర్ పోయకండి, గడ్డకట్టి నాజిల్ మూసుకుపోతుంది.

రంగు చెడితే గీకి మళ్లీ వేసుకోవచ్చు. థిన్నర్‌తో మాత్రం ఆటలొద్దు. ఎండకు డబ్బాలో ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది. మూతను ముఖానికి దూరంగా పెట్టి మెల్లగా తిప్పాలి. రేకుల గదిలో దాచొద్దు. మంట అంటుకునే ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల వెంట పాకుతుంది. పక్క గదిలో గ్యాస్ స్టవ్, దేవుడి దీపం, దోమల చక్రం ఏది వెలుగుతున్నా స్ప్రే ఆపాల్సిందే. కరోనా నాటి మాస్కు పెట్టుకుని ధీమాగా కూర్చునేవారున్నారు. అది రంగు ధూళిని కొంత ఆపుతుందేమో గానీ ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (ద్రావకాల ఆవిరిని పట్టే ఫిల్టర్ డబ్బా) ఉన్న రెస్పిరేటర్ మాస్కు కావాలి. లోపల వాసన తెలిసిందంటే కార్ట్రిడ్జ్ మార్చేయండి. పని అయ్యాక దాన్ని గాలి చొరని డబ్బాలో పెట్టండి.

ఇక కూలర్ ఎదుట కూర్చుని కొట్టేవాళ్లకు ఏం చెప్పాలి! తుంపర తిరిగి ముఖాన్నే కొడుతుంది, దుమ్ము తడి రంగుకు అంటుకుంటుంది, తేమకు లాకర్ మెరుపు పూత తెల్లగా మసకబారుతుంది. చెమట కారినా సరే, కొట్టినంతసేపు కూలర్ ఆపేయండి. కిటికీ మాత్రం తెరిచే ఉండాలి.

త్వరగా ఆరాలని విమానాన్ని డాబా మీద ఎండలోనో, కారు అద్దం దగ్గరో పెట్టొద్దు, సన్నని రెక్కలు వంగుతాయి. రోహిణి కార్తెకు రోళ్లే పగులుతాయంటారు, ప్లాస్టిక్ ఎంత?

మృగశిర దాటి వానలు పడ్డాక తంటా మారుతుంది, ఎయిర్‌బ్రష్‌కు గాలి అందించే కంప్రెసర్‌లో నీరు చేరుతుంది. మాయిశ్చర్ ట్రాప్ (గాలిలోని నీటిని పట్టే గిన్నె) బిగించుకుని, పని అయిన ప్రతిసారీ ట్యాంకు కింది వాల్వ్ తిప్పి ఆ నీళ్లు వదిలేయండి.