సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కొనే ముందు జాగ్రత్తలు

రోజూ ఆఫీసుకు వెళ్లిరావడానికే అయితే, ముందు ఈ బండి నిజంగా అవసరమా అని ఆలోచించుకోండి. టూ వీల్ డ్రైవ్ కన్నా ఇది బరువెక్కువ, మైలేజీ తక్కువ.

- పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నది చూడండి. మామూలు రోడ్డు మీద రెండు చక్రాలకే శక్తి అందేలా నడపొచ్చు. పొడి తారు రోడ్డుపై 4హెచ్ (నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే మామూలు వేగపు మోడ్) వేస్తే మలుపుల్లో గేర్లు బిగుసుకుని పాడవుతాయి. అందుకే 4హెచ్, 4ఎల్ (తక్కువ వేగంలో ఎక్కువ లాగే మోడ్) రెండూ మట్టి నేలపైనే వేసి చూడాలి. లివర్ మొరాయిస్తే, కింద నుంచి కటకట శబ్దం వస్తే వదిలేయండి.

- నాలుగు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. బురద కోసం వేసే ముతక టైర్లు, ఎత్తు పెంచిన సస్పెన్షన్ చూడ్డానికి బాగుంటాయి కానీ ఇంధనం తాగేస్తాయి.

- డీజిల్ బండికి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంటే, మీ ప్రయాణం రోజుకు నాలుగైదు కిలోమీటర్లే అయితే అది మూసుకుపోయే ప్రమాదముంది. అప్పుడు పెట్రోలే నయం.

- ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే, స్టార్టింగ్ ఇబ్బందిని దాస్తున్నారేమో అని అనుమానించాల్సిందే.

- ఛాసిస్ తుప్పు, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనుక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) దగ్గర ఆయిల్ కారడం ఉన్నాయేమో చూడండి.

బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందనే విషయంలో అమ్మేవాళ్ల మాట కన్నా సర్వీస్ రికార్డు నమ్మండి.