నీచు మానేయాలనుకుంటే: కారణం నుంచి కంచం దాకా

కార్తీకం వచ్చిందంటే ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్లలో చాలాచోట్ల నీచు, అంటే మాంసం, చేప వండే గిన్నెలు అటకెక్కుతాయి. చివరి ఐదు రోజుల పంచుకలో కొంగ కూడా చేపను ముట్టదని ఒడియా వాళ్లంటారు. తీరా పౌర్ణమి వెళ్లిన మర్నాడు ఛాడఖాయి, మళ్లీ నీచు తినడం మొదలుపెట్టే రోజు. తెల్లారకముందే చేపల బజారు కిటకిటలాడుతుంది. నెలంతా నిష్ఠగా ఉండి, ఇక ఎప్పటికీ ముట్టకూడదనుకున్నవాళ్లలో చాలామంది జారిపోయేది ఆ రోజే. తప్పంతా నాలుకదే అనుకుంటారు. అసలు ఎందుకు మానేస్తున్నామో తేల్చుకోకపోవడమే ఎక్కువసార్లు కారణం. గుడ్డు తినొచ్చా, పాలు ఉంచాలా, ఉల్లి వదలాలా, ఎండుచేప పులుసులో ముక్క తీసేసి రసం పోసుకోవచ్చా? వీటికి జవాబు మీ కారణంలోనే ఉంటుంది. అందుకే మొదటి పని వంటింట్లో కాదు, కాగితం మీద. ఒక్క వాక్యం రాయండి: "నేను నీచు మానేస్తున్నది ఇందుకు." రెండు కారణాలుంటే ఏది పెద్దదో గుర్తు పెట్టండి.

కారణాన్ని బట్టి గీత

భక్తి కోసం మానేస్తే గుడ్డు పోతుంది, పాలూ పెరుగూ నెయ్యీ ఉంటాయి. తేల్చుకోవాల్సింది ఉల్లి, వెల్లుల్లి సంగతే. పూరీ జగన్నాథుడి మహాప్రసాదంలో అవి ఉండవు, బంగాళాదుంపా టమాటా కూడా ఉండవు. ఆ నియమాన్ని ఏడాది పొడవునా ఇంట్లో పెట్టుకుంటామని మొదటి రోజే ప్రతిజ్ఞ చేస్తే రెండో నెలకు కూర చప్పబడి, విసుగొచ్చి, అన్నీ ఒక్కసారే వదిలేస్తారు. ముందు నీచు మానండి. ఆరు నెలలు నిలబడ్డాక ఉల్లి సంగతి చూసుకోవచ్చు. అందాకా సోమవారం, లక్ష్మివారం మాత్రం ఇంగువ, అల్లం, జీలకర్రతో తాలింపు పెట్టి ఉల్లి లేకుండా వండడం అలవాటు చేసుకోండి. మార్గశిర లక్ష్మివారాలు ఎటూ పాటించే ఇళ్లలో ఇది కష్టం కాదు.

జీవహింస వద్దనుకునేవాళ్లకు లెక్క వేరు. గుడ్లు పెట్టే కోళ్ల జాతిలో మగ కోడిపిల్లల్ని గుడ్డులోంచి బయటికొచ్చిన రోజే చంపేయడం ఆ పరిశ్రమలో మామూలు. పాలివ్వని మగదూడల గతి పల్లెల్లో అందరికీ తెలిసిందే. కాబట్టి మాంసం మాని గుడ్డు తింటే మనసు కుదుటపడుతుందా, పాలు కూడా వదలాలా అన్నది మీరే నిజాయితీగా చూసుకోవాలి. పాలు వదిలితే మాత్రం కింద చెప్పే బి12 మాత్ర తప్పనిసరి. ప్యాకెట్ల మీద చదరంలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారం. గుడ్డు ఉన్నదానికీ త్రికోణమే వేస్తారు. పాలు, తేనె ఉన్నవాటికి ఆకుపచ్చ చుక్కే ఉంటుంది కాబట్టి పాలు కూడా మానినవాళ్లు వెనకవైపు పదార్థాల పట్టీ చదవాలి. మందుల గొట్టాలు చాలామటుకు జంతువుల ఎముక, తోలు నుంచి తీసిన జిలెటిన్‌వి. విటమిన్ డి3 ఎక్కువగా గొర్రె ఉన్ని కొవ్వు నుంచి తీస్తారు. డాక్టరు రాసిన మందు మాత్రం ఈ కారణంతో మీ అంతట మీరు ఆపకండి. బిళ్ల రూపంలో ఉందేమో అడగండి.

ఆరోగ్యం కోసం మానేవాళ్లు మోసపోయేది ఒక్కచోటే. కొలెస్ట్రాల్ ఎక్కువని మేకమాంసం మాని, ఆ లోటు బజ్జీలు, పూరీలు, సాయంత్రం బరా ఘుగునితో (గారెలు, బఠాణీ కూర) పూడుస్తారు. బరువు పెరుగుతుంది, రక్తపరీక్ష కాగితంలో అంకెలు కదలవు. మీ కారణం ఇదే అయితే గీత మాంసం దగ్గర కాదు, నూనె మూకుడు దగ్గర గీయాలి. గౌటు (యూరిక్ ఆమ్లం పేరుకుని కీళ్లు వాచే జబ్బు) ఉన్నవాళ్లు పప్పులంటే భయపడతారు. మాంసం, కార్జం, కొన్ని రకాల చేపలు చేసినంత కీడు పప్పులు చేయవు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం పప్పు ఎంత తినాలో డాక్టరుతో మాట్లాడాకే పెంచాలి.

ఖర్చు కలిసొస్తుందనో, వాసన పడకనో మానేవాళ్లకు గట్టి గీత అక్కర్లేదు. చుట్టాలింట్లో ఒకపూట తిన్నా వ్రతభంగం అయినట్టు బాధపడనవసరం లేదు.

అసలు చిక్కు ఎండుచేప

ఈ ప్రాంతంలో కోడి, మేక మానడం తేలిక. వారానికోసారి వండేవే కదా. చద్దన్నం పక్కన కాల్చిన ఎండుచేప, ఒడియాలో సుఖువా, మానడమే కష్టం. వంకాయలో, తోటకూరలో, చింతపండు పులుసులో గుప్పెడు ఎండు నెత్తళ్లో ఎండు రొయ్యలో పడితేగానీ కూర పూర్తయినట్టుండదు. మానినవాళ్లకు లోటు తెలిసేది పోషకంలో కంటే ముందు ఆ ఉప్పూ, ఆ పొగవాసనా, ఆ కరకరలో. ఆ మూడూ వేరే దారిలో తెచ్చుకోవాలి.

అందుకు బడి చూర ఉంది, అంటే బడీలు (ఒడియా వడియాలు) వేయించి దంచినది. మినపబడీలు పన్నెండో పదిహేనో తీసుకోండి. లేకపోతే మన బూడిదగుమ్మడి వడియాలైనా సరే. మూకుడులో రెండు చెంచాల నూనె వేసి, సన్నని సెగ మీద నాలుగైదు నిమిషాలు తిప్పుతూ వేయించాలి. సెగ పెద్దదైతే పైన నల్లబడి లోపల పచ్చిమినుము వాసన ఉండిపోతుంది. పూర్తిగా చల్లారనివ్వాలి, చల్లారితేనే కరకర వస్తుంది. రోట్లో నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు పచ్చిమిర్చి, ఉప్పు ముందు నలిపి, ఆపైన బడీలు వేసి బరకగా దంచాలి. పొడి చేసేయకూడదు, పంటికి తగలాలి. ఒక చెంచా పచ్చి ఆవనూనె కలపండి, ముక్కుకెక్కే ఆ ఘాటే ఎండుచేపను మరిపిస్తుంది. సన్నగా తరిగిన ఉల్లిపాయ మాత్రం కంచం ముందు కూర్చున్నాకే కలపాలి. ముందే కలిపితే నీరు వదిలి అరగంటలో అంతా మెత్తబడుతుంది. పొగవాసన కావాలంటే బొగ్గుల మీద వంకాయ కాల్చి, తొక్క తీసి ఇదే చూరలో కలుపుకోవచ్చు.

పనసకాయను "చెట్టు మాంసం"లా భావించి సంబరపడేవాళ్లున్నారు. లేత పనస ముక్కలు పసుపూ ఉప్పూ వేసి పది నిమిషాలు ఉడికించి, వార్చి, వేయించి మసాలాలో వేస్తే నమలడానికి మాంసంలాగే ఉంటుంది. కోసేముందు చేతికీ కత్తికీ నూనె రాయకపోతే జిగురు సాయంత్రం దాకా వదలదు. రుచిలో లోటు లేదుగానీ మాంసకృత్తులు వంద గ్రాములకు రెండు గ్రాములకు అటూఇటూ మాత్రమే. పనస కూర వండిన రోజు పక్కన పప్పు ఉండి తీరాలి. బలం కావాలనుకుంటే మీల్‌మేకర్ మేలు, ఎండువి 50 గ్రాములు వేస్తే 25 గ్రాముల మాంసకృత్తులు. మరుగునీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, చన్నీళ్లలో మూడుసార్లు గట్టిగా పిండితే ఆ నాటు వాసన పోతుంది. ఒక్కసారి పిండి వండేసి "మా ఇంట్లో ఎవరూ తినరండి" అనేవాళ్లే ఎక్కువ.

రోజూ ఎంత తినాలి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి అంటే 50 గ్రాములు. ఇది శాకాహారంలో దొరకనిదేం కాదు. బియ్యం 300 గ్రాముల నుంచి ఇరవై పైచిలుకు, కందిపప్పు 60 గ్రాముల నుంచి 13, పాలూ పెరుగూ కలిపి 300 మిల్లీలీటర్ల నుంచి 10, గుప్పెడు వేరుశనగ గుళ్ల నుంచి 7. లెక్క సరిపోయింది. మాంసకృత్తుల్లో ఉండే భాగాల్లో అన్నంలో లైసిన్ తక్కువ, పప్పులో మెథియోనిన్ తక్కువ, రెండూ కలిస్తే ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. నలుగురున్న ఇంటికి ఆ 60 చొప్పున రోజుకు పావుకిలో పప్పు కావాలి. చాలా ఇళ్లలో టీగ్లాసుడు పప్పుతో పల్చటి చారు కాచి, బంగాళాదుంప వేపుడుతో సరిపెడతారు. నీరసం అక్కడ మొదలవుతుంది, నింద శాకాహారం మీద పడుతుంది.

పప్పు ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం ఖాయం. మొదటి రెండు వారాలు సగం పెంచండి. ఉలవలు, శనగలు, బొబ్బర్లు ఎనిమిది గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండండి.

ఈ ప్రాంతపు దాల్మా మనకు పెద్ద వరం. పప్పూ కూరా ఒకే గిన్నెలో వస్తాయి. నలుగురికి పావుకిలో కందిపప్పు సగం ఉడికాక పచ్చి బొప్పాయి, పచ్చి అరటి, కంద ముక్కలు వేయండి. అవి మెత్తబడుతుండగా గుమ్మడి, ములక్కాడ, చివర్న వంకాయ. కూరలన్నీ కలిపి అరకిలో దాకా ఉండొచ్చు. పసుపు, అల్లం, బిర్యానీ ఆకు పప్పుతోనే పడాలి. నేతిలో పంచఫుటణ, అంటే ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర, రెండు ఎండుమిర్చితో తాలింపు పెట్టి, దించాక కొబ్బరికోరు, వేయించి దంచిన జీలకర్ర మిరప పొడి చల్లండి. మనవాళ్లు చేసే పొరపాటు అలవాటుగా చింతపండు పోయడం. పోస్తే అది కూరముక్కల పులుసవుతుంది, దాల్మా కాదు. కూరలన్నీ ఒక్కసారే వేసి కుక్కర్ మూత పెట్టేస్తే వంకాయ కరిగిపోతుంది, కంద పచ్చిగా ఉంటుంది.

బి12, ఇనుము, సున్నం

ఇది చదవకుండా నీచు మానకండి. విటమిన్ బి12 మొక్కల నుంచి రాదు. పులిసిన చద్దన్నంలో, అంబలిలో పుష్కలంగా ఉంటుందన్న మాట నమ్ముకోవద్దు. పెద్దవాళ్లకు రోజుకు రెండు నుంచి రెండున్నర మైక్రోగ్రాములు కావాలి, అరలీటరు పాలలో దాదాపు అంత ఉంటుంది. గ్లాసు పెరుగులో నాలుగు గ్లాసుల నీళ్లు పోసిన మజ్జిగను "రోజూ పెరుగు తింటున్నాం" అని లెక్కేస్తే కుదరదు. కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే తెలియదు. రెండుమూడేళ్లకు అరికాళ్ల తిమ్మిర్లు, నాలుక మంట, మతిమరుపు, నడకలో తూలు వస్తాయి. ఆకుకూరలు బాగా తినేవాళ్లలో రక్తహీనత పైకి కనబడకుండానే నరాలు దెబ్బతినొచ్చు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు ఏళ్ల తరబడి మాత్రలు వాడేవాళ్లకు బి12 ఒంటికి పట్టడం ఇంకా తగ్గుతుంది. మానేముందు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి, ఆపైన ఏడాదికోసారి పరీక్ష చేయించుకోండి. పాలు తక్కువ తాగేవాళ్లు, మానేసినవాళ్లు డాక్టరును అడిగి మాత్ర వాడాల్సిందే.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే పరీక్ష) కూడా అడగండి. ఆడవాళ్లకు ఇనుము రోజుకు 29 మిల్లీగ్రాములు, మగవాళ్లకు 19 కావాలి. మాంసంలోని ఇనుము పట్టినంత తేలిగ్గా ఆకుకూరలది పట్టదు. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే, ఉసిరికాయ నంజుకుంటే బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే పోతుంది, గంట ఆగాలి. పులుపు కూరలు ఇనపమూకుడులో వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది.

సున్నానికి, అంటే కాల్షియానికి, ఇక్కడ వెతుక్కోవాల్సిన పని లేదు. కొరాపుట్, రాయగడ కొండల చోళ్లు (రాగులు), ఒడియాలో మండియా, వంద గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దాకా ఇస్తాయి. పొద్దున చోడి అంబలి, వారంలో రెండుసార్లు మునగాకు పప్పు, పొట్టు తీయని నువ్వులతో చిమ్మిలి. మిగతాది పాలు.

పిల్లల సంగతి జాగ్రత్త. బడిలో మధ్యాహ్న భోజనంతో ఇచ్చే గుడ్డు మాన్పించాలంటే దానికి బదులు ఏం పెడుతున్నారో ముందు ఏర్పాటు చేసుకోండి. ఒక గుడ్డు 6 గ్రాముల మాంసకృత్తులు, కొంత బి12. గ్లాసుడు పాలూ వేరుశనగ ఉండా పెట్టగలిగితే సరే, లేకపోతే గుడ్డు తిననివ్వండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరుకు చెప్పకుండా మార్పు మొదలుపెట్టొద్దు.

ఇంట్లో, బయట

ఇంట్లో చెప్పేటప్పుడు "ఇకనుంచి నేను ముట్టను" అనడం కంటే ఏం తింటారో చెప్పడం పని చేస్తుంది. "అత్తా, నా వాటా కూర ముందు తీసి పక్కన పెట్టు, ఎండుచేప ఆ తర్వాత వెయ్యి" అంటే ఎవరికీ రెండో పొయ్యి వెలిగించే పని ఉండదు. గరిటె మాత్రం వేరుగా ఉండాలి, మాట్లాడుకోవాల్సిన ముఖ్యమైన సంగతి అదొక్కటే. మీరు మానినంత మాత్రాన పక్కవాళ్ల కంచం మీద వ్యాఖ్య చేయకండి. కొండప్రాంతాల్లో చాలా ఇళ్లకు చవగ్గా దొరికే బలమైన తిండి ఆ ఎండుచేపే. తిండిని బట్టి మనిషిని తక్కువ చేసి చూసే అలవాటు మన కులాల్లో ఇప్పటికే చాలినంత ఉంది.

ఒడియా హోటల్లో "నిరామిష" (శాకాహారం) అని చెబితే చాలదు. "సుఖువా పడిఛి కి?" (ఎండుచేప పడిందా?) అని అడగాలి, ఎందుకంటే శాగలో (ఆకుకూరలో), వంకాయ కూరలో అది పడొచ్చు. ఛెంచెడా అని కూరగాయల కూరలా కనిపించేదాంట్లో చేప తలకాయ ఉంటుంది.

పండగలకు ముందే ఏర్పాటు ఉండాలి. కనుమ నాడు మినుము తినాలని పెద్దల మాట ఉండనే ఉంది, ఆ రోజు గారెలు మీవి, అల్లం పచ్చడితో. ఛాడఖాయి నాటికి ముందురోజు రాత్రే శనగలు నానబెట్టుకుని, పొద్దున్నే మసాలా దట్టించి కూర వండేయండి. వీధంతా వేపుడు వాసన వచ్చే వేళకి మీ కడుపు నిండి ఉండాలి.